చెవులకు రాసిన పసుపు

మా మేనమామ ఒక్క గొర్రెనైనా దొంగిలించలేదు. దొంగిలించాడని పోలీసులు కూడా అనలేదు. దొంగిలించినవాళ్లు ఇద్దరు. పెనుకొండ కోర్టులో వాళ్లు ఒకటో ముద్దాయి, రెండో ముద్దాయి. మా మామ మూడో ముద్దాయి. దొంగసొత్తు అని తెలిసి కూడా దాన్ని మరుగుపరచడానికి తోడ్పడ్డాడని ఆయన మీద మోపిన నేరం. దొంగకు సాయం చేసినందుకు కూడా మనిషిని జైలుకు పంపవచ్చని మా ఊళ్లలో అప్పటిదాకా చాలామందికి తెలియదు. సాయం పుణ్యమని తెలుసు. అది నేరం కాగలదని ఎవరూ చెప్పలేదు.

ఇది యాభైల చివరి సంగతి. అప్పటికి నేను లా చదువు ముగించి పెనుకొండలో ఒక పెద్ద ప్లీడరు దగ్గర జూనియరుగా చేరి కొద్ది నెలలే అయింది. పగలు ఆయన కాగితాలు మోసేవాణ్ణి. సాయంత్రం ఎక్కడ సభ జరిగితే అక్కడికి పోయి మూఢనమ్మకాల మీద గొంతు చించుకునేవాణ్ణి.

మా మామ ఊరు ముదిగుబ్బకు దగ్గర. అన్నీ వాన మీద ఆధారపడ్డ మెట్టచేలు. ఎండాకాలంలో చేలు ఖాళీగా ఉన్నప్పుడు రైతులు గొర్రెల మందలను పిలిపించి రాత్రిళ్లు తమ చేలలో నిలుపుకుంటారు. పెంటికలూ ఉచ్చా పడి నేలకు బలం వస్తుంది. అందుకు గొర్రెలవాళ్లకు తిండి పెట్టి, ఇంత ధాన్యం ఇస్తారు. ఒక మూల మొదలుపెట్టి, రోజుకింత జరుపుకుంటూ చేనంతా మంద నిలుపుతారు. ఇంతవరకు బుద్ధిగల పనే. దీనికి రెండు కట్టుబాట్లు అంటగట్టారు. నిలిచిన మందను లెక్కపెట్టకూడదు, మంద ఎవరిదని అడగకూడదు. లెక్కపెడితే జీవాలకు రోగం తగులుతుందట. ఎవరిదని అడిగితే మంద ఇక ఆ చేలో దిగదట.

దీని మీద మామకూ నాకూ ఎన్నోసార్లు వాదం జరిగింది.

"లెక్కపెడితే రోగం వచ్చేటట్టయితే సంతలో అమ్మిన గొర్రె ఒక్కటీ బతకగూడదు కదా మామా? ఆడ లెక్కపెట్టే కదా తోలకపోతారు."

"సంత వేరే, చేను వేరే."

"ఆ తేడా రోగానికి ఎట్ల తెలుస్తుంది?"

"ఇంగ్లీషు సదువు లేకపోయినా దానికి తెలుస్తాదిలే. నీకే తెలీడం లేదు."

మా అత్త లోపలినుంచి నవ్వేది. వాదం అక్కడితో ఆగిపోయేది.

ఆ ఏడు ఎండాకాలంలో ఒకరోజు మామ పొద్దున్నే ధర్మవరం పోయాడు. అత్త తమ్ముడి పెళ్లి కుదిరింది. పెళ్లికూతురికి పట్టుచీర నేయించడానికి, తనకు తెలిసిన మగ్గం ఇంటికి వెళ్లాడు. ఆ పగలే ఇద్దరు మనుషులు నంబులపూలకుంట వైపునుంచి ఒక మందను తోలుకొచ్చారు. బస్సురోడ్డు పక్కనున్న మామ చేనును అంతకు ముందురోజే ఒక మంద సగం తొక్కి వెళ్లింది. మిగతా సగం ఖాళీగా ఉంది. ఆ ఖాళీ సగంలో ఒక మూలన దిగుతామని వీళ్లు అత్తను అడిగారు. సరేనంది. కొంచెంసేపటికి వాళ్లలో ఒకడు మళ్లీ వచ్చి, "రవ్వంత పసుపు, రవ్వంత ఆముదం ఇయ్యమ్మా" అన్నాడు. ఇచ్చింది. జీవానికి దెబ్బ తగిలిందంటే పసుపు ఇవ్వని ఇల్లు మా వైపు లేదు.

సాయంత్రం మామ ఇంటికి వచ్చాడు. మర్నాడు ఆ మంద రోడ్డు పక్క చేను వదిలి, గుట్ట వెనకనున్న మామ ఇంకో చేలోకి మారింది. ఆ తర్వాతి రోజు తెల్లవారేసరికి అక్కడ మంద లేదు.

కొన్నాళ్లకు అది హిందూపురం సంతలో పట్టుబడింది. గొర్రెల సొంతదారు తాడిమర్రి వైపు మనిషి. తన మందలో సగం పోయినప్పటినుంచి జాడ పట్టుకుని తిరుగుతున్నాడు. సంతలో ఒక పొట్టేలు ఈయన్ని చూసి తల ఎత్తిందట. ఈయన దాని కొమ్ములు పట్టుకుని, "నాదిరా ఇది!" అని అరిచాడట. పక్కనున్న దళారి సగం కన్నడం, సగం తెలుగులో, "నీదైతే దుడ్లు కొట్టి తోలకపో, అరిసేది ఎందుకప్పా?" అన్నాడట. ఈ కథ ఆయన కోర్టు వరండాలో ఎన్నిసార్లు చెప్పాడో. చెప్పిన ప్రతిసారీ పొట్టేలు ఇంకొంచెం పెద్దదయ్యేది.

గొర్రె పిల్లగా ఉన్నప్పుడే చెవి కొంచెం కోసి గుర్తు పెట్టుకుంటారు. ఒక్కో సొంతదారుకు ఒక్కో కోత. దొంగ ఆ కోత మీద ఇంకో కోత కోస్తాడు. పాతగుర్తు పోతుంది. పచ్చిపుండు కనబడితే అనుమానం వస్తుంది కాబట్టి పసుపూ ఆముదమూ పట్టించి త్వరగా మానేటట్టు చేస్తాడు. సబ్ ఇన్‌స్పెక్టరు పచ్చని చెవులు చూసి, పసుపు ఎక్కడిదని అడిగాడు. దొంగలు మామ ఊరు చెప్పారు. సబ్ ఇన్‌స్పెక్టరు ఊళ్లోకి వచ్చి మొదట మామనే అడిగాడు.

"నేను ఆ దినం ధర్మవరంలో ఉన్నా సామీ. ఇంట్లో ఆడోళ్లు ఎవరికి ఏమిచ్చినారో నాకేం తెలుసు?" అన్నాడు మామ.

గడప లోపల నిలబడి అత్త ఈ మాట విన్నది. తర్వాత ఆమెను అడిగారు. "ఇచ్చినా సామీ. చెవులకు రాసుకున్నారు" అంది. పసుపు ఇవ్వడం తప్పని ఆమెకు తోచలేదు కాబట్టి దాచాలనీ తోచలేదు. పెంటికల జాడ పట్టి తాను అంతకు ముందే చూసివెళ్లిన, గుట్ట వెనక మంద నిలిచిన చోటును తాడిమర్రి ఆసామి పోలీసులకు చూపించాడు. ఆ సాయంత్రమే మామను పట్టుకుపోయారు. జామీను మీద మేమే విడిపించాం.

కేసు విచారణకు వచ్చేముందు మా సీనియరు నన్ను కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు.

"దొంగలిద్దరి సంగతి వదిలెయ్. సొత్తుతో పట్టుబడ్డారు, జైలుకు పోతారు. మీ మామ విషయంలో కోర్టు చూసేది ఒకటే. అది దొంగసొత్తని ఆయనకు తెలుసా? తెలియకపోతే, తెలుసుకోవడానికి తగిన కారణం ఆయన ముందు ఉందా? ఉండీ ఆ మందను చాటుకు తోలించాడా? మంద మారింది ఎరువు కోసం అంటాం. ఎరువు కోసం మందను నిలపడం నేరమైతే ఈ జిల్లాలో జైళ్లు చాలవు. పసుపు ఇచ్చినప్పుడు ఆయన ధర్మవరంలో ఉన్నాడని మగ్గం ఆయన వచ్చి చెప్తాడు. అది నిజమే కూడా. ఇక మిగిలింది మీ అత్త."

"అత్త చెవులకని చెప్పింది కదండీ."

"అక్కడే ఉంది చిక్కు. చెవులకని కోర్టులో కూడా చెప్పిందనుకో. భర్తకు చెప్పావా అని తర్వాతి ప్రశ్న. చెప్పానంటే ఆయన పోతాడు. చెప్పలేదంటే, కోసిన చెవులు చూసీ పసుపు ఇచ్చిన మనిషి ఈమే కదా అని కేసు ఈమె మీదికి తిరుగుతుంది. ఇద్దరూ బయటపడాలంటే దారి ఒకటే. పసుపు కాళ్లకని చెప్పాలి. రాళ్లలో నడిచిన గొర్రెలకు గిట్టలు పగలవా? పోలీసులు రాసుకున్నదాంట్లో ఆమె సంతకం లేదు. వాళ్లు తప్పు రాసుకున్నారంటాం. పోయి మాట్లాడిరా. నీ మాట వింటుంది."

నేను పోలేదు. తర్వాతి వాయిదా రోజున మామే పెనుకొండకు వచ్చాడు. కోర్టు వాయిదా పడ్డాక సీనియరూ, మామా, నేనూ ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో కూర్చున్నాం. తాడిమర్రి ఆసామి మా బల్ల దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. నన్ను చూస్తూ మాట్లాడాడు గాని మాట మామకు తగలాలని ఉద్దేశం.

"ఏమప్పా, సిన్న లాయరు సామీ. ఒక మాట చెప్తా ఇను. నా జీవాలు నాకు వచ్చినాయి. ఈ పెద్దాయన్ను జైల్లో ఏపించి నేనేం సంపాదిస్తా? మా ఊరి అమ్మవారి ముందర 'నాకు తెలీదు' అని కర్పూరం ఆర్పమను. ఆర్పితే, గుట్ట వెనక మంద నిలిచిన జాగా నేను సరిగ్గా గుర్తుపట్టలేదని బోనెక్కి చెప్తా."

మా వైపు అదొక పద్ధతి. వెలిగించిన కర్పూరాన్ని దేవత ముందు చేత్తో ఆర్పి ప్రమాణం చేస్తారు. అబద్ధమైతే వంశం నాశనమవుతుందని నమ్మకం. నాకు ఒళ్లు మండింది.

"కర్పూరం నిప్పు పెడితే మండుతుంది, చెయ్యి పెడితే ఆరుతుంది. దానికి నిజమేంది, అబద్ధమేంది? మా ఊళ్లో పక్కోడి చేని గట్టు జరిపినోడు ఒకడు కర్పూరం ఆర్పి కూడా ముసలితనం దాకా బతికినాడు."

"బతికినాడా? సరే. ఆయప్ప ఎద్దులో?"

"ఎద్దులకేమి, దుక్కలాగుండె."

"పెండ్లామో?"

"ఆమె ఆయనకంటే బాగుండె."

ఆయన కాసేపు ఆలోచించాడు. "అట్లయితే కర్పూరం కల్తీది. మీ అంగట్లో కొనింటారు. ఈసారి మా అంగట్లో కొందాం."

హోటల్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సీనియరు నా చెవి దగ్గరికి వంగి, "ఖర్చులేని బేరం, ఒప్పుకోమను" అన్నాడు. నాకు కూడా అది నిజమే అనిపించింది. కర్పూరంలో ఏమీ లేదని నేను నమ్మినప్పుడు, ఆర్పితే వచ్చే నష్టమేమిటి?

"ఆర్పెయ్ మామా. వట్టి కర్పూరమే కదా" అన్నాను.

మామ ఒక్కడే నవ్వలేదు. కాఫీ గ్లాసును రెండు చేతులా పట్టుకుని దానిలోకి చూస్తున్నాడు.

"నేను ఆర్పను" అన్నాడు.

"యాలప్పా?" అన్నాడు ఆసామి. నవ్వు పోయి గొంతు మారింది.

"బస్సుకు టైమయింది." మామ లేచాడు. కాఫీ అట్లాగే ఉంది.

వెనకనే నేను బస్సుస్టాండు దాకా నడిచాను. కొండ నీడ రోడ్డు మీదికి వచ్చేసింది. కోర్టులో ముద్దాయి ప్రమాణం చేయనక్కరలేదు. అక్కడ తల వంచుకుని నిలబడితే చాలు. నిలబడడానికి ఆయన సిద్ధంగా ఉన్నాడు. కర్పూరం దగ్గర నిలబడడానికి సిద్ధంగా లేడు. ఆ తేడా అప్పుడే నా కంట పడింది.

"మామా, నీకు తెలుసా?"

"అడగగూడదు కాబట్టి అడగలేదు. దాంట్లో తప్పేముంది?"

"అడగాలని అనిపించిందా?"

ఆయన నా వైపు తిరిగాడు. కోపంగా ఉన్నాడనుకున్నాను. కళ్లలో ఉన్నది భయం.

"నువ్వు నా తరఫు లాయరువా, వాళ్ల తరఫు లాయరువా?" అన్నాడు. బస్సు వచ్చింది. ఎక్కేశాడు.

ఆ తర్వాతి ఆదివారం నేను ఊరికి పోయాను. అబద్ధం నేర్పడానికి పోలేదు. ఏం జరిగిందో తెలియకుండా ఇంకొక్కరోజు కూడా ఆ కోర్టులో కాగితాలు మోయలేననిపించింది. మామ ముదిగుబ్బ పోయాడు. అత్త పంచలో కూర్చుని విత్తనానికి వేరుశనగ కాయలు వలుస్తోంది. నేనూ పక్కన కూర్చుని వలవడం మొదలుపెట్టాను. పలుకు మీది పొర చిట్లితే మొలవదు. అందుకని ఆమె కన్ను నా వేళ్ల మీదే ఉంది.

"నీ సీనియరు పంపించినాడా?"

"పంపించినాడు. నేను దానికి రాలేదు."

"కాళ్లకని చెప్పమన్నాడంట గదా. మీ మామ చెప్పినాడు. ఆయనే చెప్పినాడు నాకు, 'కాళ్లకని చెప్పు, ఇద్దరం బతుకుతాం' అని." ఒక కాయ నలిపింది. "పోలీసోళ్లు వచ్చినప్పుడు 'ఆడోళ్లు ఏమిచ్చినారో నాకేం తెలుసు' అన్నప్పుడు ఇద్దరం లేము. అప్పుడు నేనొక్కదాన్నే."

ఆమే చెప్పింది. పసుపు ఇచ్చినప్పుడు ఆమె గొర్రెలను చూడలేదు. మధ్యాహ్నం మందవాళ్లకు కూడు తీసుకుని చేనికి పోయినప్పుడు చూసింది. అన్ని గొర్రెల చెవులకూ పసుపు కింద పచ్చికోతలు. మెడల మీద రక్తం ఎండిపోయి ఉంది. ఒకటి తల విదిలిస్తే ఆమె చీర మీద చుక్కలు పడ్డాయి.

"ఏమప్పా, ఒకే దినం ఇన్ని చెవులు కోసినారే అన్నా. సేతులు మారినాయమ్మా, కొత్త గుర్తు పెట్టినాం అన్నాడు వాడు. నవ్వుతా అన్నాడు. సాయంత్రం మీ మామ వచ్చినాంక చెప్పినా. ఇవి ఎవరివో అడుగుపో అన్నా."

"మామ ఏమన్నాడు?"

"ఇనేసి గుట్ట వైపు చూసినాడు. తర్వాత, మంద లేచిపోయినాంక అడుగుదాంలే, ఇప్పుడడిగితే లేచిపోతారు అన్నాడు. పొద్దున లేసి వాళ్లను గుట్ట వెనకచేనికి తోలుకపొమ్మన్నాడు."

ఆమె వలుస్తూనే ఉంది. నా వేళ్ల కింద ఒక పలుకు చిట్లింది.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పాలి. మనవాళ్లు అడగరని కాదు. బల్లి అరిస్తే ఎటువైపు అరిచిందని అడుగుతారు. తుమ్మితే ఎవరు తుమ్మారని అడుగుతారు. పెళ్లికొడుకును చూడకముందే నక్షత్రం ఏమిటని అడుగుతారు. రక్తం కారుతున్న చెవిని చూసి మాత్రం 'ఇది ఎవరిది?' అని అడగరు. ఆచారం కాదంటారు. ఈ ఆచారాన్ని ఏ దేవుడు పెట్టాడో నాకు తెలియదు గాని, దీనివల్ల బతికేవాడు ఎవడో తెలుసు. దొంగకు రాత్రి చీకటి ఒక పూటే అక్కరకొస్తుంది. మన మర్యాద మూడుపూటలా అక్కరకొస్తుంది. వాడికి తెలుసు, అన్నం పెట్టే ఇల్లు ప్రశ్న వేయదని. మా మామ దొంగ కాదు. ఎరువు కోసం ఆశపడ్డ రైతు. ప్రశ్న గొంతుదాకా వచ్చినప్పుడు ఆచారం అనే మూత తీసి దాని మీద పెట్టుకున్నాడు. తెలుసుకోవాలని అనిపించి కూడా తెలుసుకోకుండా ఉండడానికి పూనుకున్నవాణ్ణి చట్టం తెలిసినవాడిగానే చూస్తుంది. ఈ ఒక్కచోట చట్టం మన పురాణాలకంటే నిజాయితీగా ఉంది.

ఇవన్నీ నేను అత్తకు చెప్పలేదు. చట్టం మాత్రం చెప్పాను. మూడు జవాబులు, మూడు దారులు. కాళ్లకని చెప్తే ఇద్దరూ బయట. చెవులకని, భర్తకు చెప్పలేదంటే ఆమె లోపల. చెవులకని, భర్తకు చెప్పానంటే ఆయన లోపల.

"నువ్వేం చెప్పమంటావు?" అంది.

"నేనేమీ చెప్పమనను అత్తా."

"మంచి లాయరువే" అంది. వెటకారమో, మెచ్చుకోలో తెలియలేదు. "పలుకులు చిట్లకొడతాండావు. లెయ్, ఇంగ చాల్లే."

సాక్షుల విచారణ రోజు వచ్చింది. మేజిస్ట్రేటు కొత్తగా వచ్చినవాడు. ప్రతి జవాబునూ తన చేత్తోనే రాసుకునేవాడు. జవాబుకూ తర్వాతి ప్రశ్నకూ మధ్య కలం పాళీ గీసుకునే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. ధర్మవరం మగ్గం ఆయన మొదట వచ్చాడు. ఆ పగలంతా మామ తన ఇంట్లోనే ఉన్నాడని, చీర అంచు రంగు తేల్చుకోలేక తన ప్రాణం తీశాడని చెప్పాడు. "ఆఖరికి ఏ రంగు?" అని మేజిస్ట్రేటు అడిగాడు. "ఇంకా తేల్చలేదు సామీ, ఇట్లొచ్చి ఇరుక్కున్నాడు" అన్నాడు. కోర్టులో కొంచెం నవ్వు లేచి ఆగిపోయింది. తర్వాత తాడిమర్రి ఆసామి బోనెక్కి గుట్ట వెనక చోటును గట్టిగా గుర్తుపట్టాడు. దిగేటప్పుడు మామ వైపు చూడలేదు.

అత్త బోనెక్కింది. చేతులు బోను కొయ్య మీద పెట్టింది. ముద్దాయిలు ముగ్గురూ ఎదురుగా నిలబడ్డారు. మామ ఆమెను చూడకుండా కిటికీ వైపు చూస్తున్నాడు.

"పసుపు ఇచ్చినావా?" అన్నాడు సర్కారు ప్లీడరు.

"ఇచ్చినా."

పాళీ చప్పుడు.

"దేనికి రాసినారు?"

మా సీనియరు గొంతు సవరించుకున్నాడు. ఆమెకు అది గుర్తు చేయడమని నాకు తెలుసు.

"చెవులకు."

పాళీ చప్పుడు. ఇది చాలాసేపు సాగినట్టనిపించింది. సీనియరు నన్ను చూశాడు. నేను బల్ల మీది కాగితాలను చూశాను.

"చెవులు కోసినట్టు నీ భర్తకు చెప్పినావా?"

ఆమె జవాబు ఇవ్వలేదు. మేజిస్ట్రేటు తల ఎత్తాడు. "జవాబు చెప్పమ్మా" అన్నాడు. అప్పుడు మామ కిటికీనుంచి చూపు తిప్పి మొదటిసారి ఆమెను చూశాడు. 'చెప్పలేదు' అంటే తాను బయటపడతాడు. ఆమె ఇరుక్కుంటుంది. అది ఆయనకు తెలుసు. ఆమెకు తెలుసని కూడా తెలుసు. తల అడ్డంగా ఊపుతాడేమోనని నేను చూశాను. ఊపలేదు. నిలువుగానూ ఊపలేదు.

"చెప్పినా" అంది అత్త. "ఎవరివో అడగమన్నా. తర్వాత అడుగుదాం అన్నాడు."

మా సీనియరు క్రాసుకు లేచాడు. ఆరితేరిన మనిషి. ఓడినచోటును వదిలి ఇంకోచోటికి పోయాడు.

"గుట్ట వెనకచేను బలం లేని చేనేనా?"

"బలం లేదు సామీ."

"దానికి ఎరువు కావలసి ఉండిందా?"

"శానా యేండ్లుగా ఉండె."

"అయితే రోడ్డు పక్క చేనులో పని అయిపోయాక దాంట్లోకి తోలించాడు. అంతే కదా?"

ఇది అడగకుండా కూర్చుని ఉంటే బాగుండేదని తర్వాత ఆయనే అన్నాడు. ఎరువు కోసం చేసిన పని అని తేల్చేయడానికి 'అంతే' అన్న మాట ఒక్కటే కావాలి ఆయనకు. అత్త ఆయన్ని కొంచెం ఆశ్చర్యంగా చూసింది.

"యాడ అయిపోయింది సామీ? సగం అట్లే ఉండె."

మేజిస్ట్రేటు పాళీ ఆగింది. సర్కారు ప్లీడరు మళ్లీ లేచాడు.

"సగం మిగిలిన చేలోనుంచి మందను ఎవరైనా లేపి ఇంకో చేనికి తోలిస్తారా అమ్మా?"

"తోలరు."

"ఎందుకు?"

"సగం పైరు పచ్చగా, సగం పైరు ఎర్రగా వస్తాది. ఊరంతా నవ్వుతారు."

మా మామ చేసిన పొరపాటు అదే. దాచడానికి మందను గుట్ట వెనక్కి పంపాడు. పంపిన తొందరలో చేను సగంలో ఉందన్నది మరిచిపోయాడు. రైతు కానివాడెవడికీ అది కనబడదు. రైతుకు అంతకంటే పెద్దగా కనబడేది ఇంకేదీ లేదు. ముద్దాయి బోనులో ఆయన భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

తీర్పు రోజున దొంగలిద్దరికీ ఎక్కువ, మామకు కొన్ని నెలలు శిక్ష వేశారు. భార్య నోటివెంట విన్నాక కూడా విచారించకుండా మందను రోడ్డుకు కనబడని చోటికి పంపడమే తోడ్పాటు అని మేజిస్ట్రేటు చదివాడు. అత్త మీద ఏమీ లేదు. ఆమె భర్తకు చెప్పింది కాబట్టి దాచిన మనిషి కాదన్నాడు.

వెంటనే అప్పీలు చేద్దామన్నాడు సీనియరు. కాగితం ఆ మధ్యాహ్నమే రాయించి, ఇద్దరం పెనుకొండ సబ్ జైలుకు పోయాం. అత్త గేటు బయట మెట్ల మీద కూర్చుంది. జైలులో మామ తన బట్టలతోనే ఉన్నాడు. ఒక్క పూటలోనే బుగ్గలు లోపలికి పోయినట్టు కనిపించాడు.

"అనంతపురం సెషన్సు కోర్టులో కొట్టేయించవచ్చు" అన్నాడు సీనియరు. "జామీను కూడా వస్తుంది. రెండు మూడు రోజుల్లో ఇంటికి పోతావు. సంతకం పెట్టు."

మామ కలం తీసుకున్నాడు. పెట్టబోయి ఆగి నన్ను చూశాడు. "దీంట్లో ఏం రాసినారు?"

"చదవక్కరలేదులే" అన్నాడు సీనియరు.

"సదువు అల్లుడా."

చదివాను. నాలుగో సాక్షి మాటలు ఒకదానికొకటి పొసగవని, ఆమె భర్త మీద కోపం పెట్టుకుని అబద్ధపు సాక్ష్యం చెప్పిందని, దాన్ని నమ్మడం కింది కోర్టు పొరపాటని రాసి ఉంది.

"నాలుగో సాక్షి ఎవరు?"

"అత్త."

మామ చాలాసేపు కాగితాన్ని చూశాడు. ఆయనకు చదువు రాదు. అయినా ఆ వరుస ఎక్కడుందో వెతుకుతున్నట్టు చూశాడు.

"ఆమె అబద్ధం ఆడిందని నేను సంతకం పెట్టల్లనా?"

"అదంతా కోర్టు భాషప్పా. మనసులో పెట్టుకోగూడదు."

"మనసులో పెట్టుకునేది కాదు సామీ, కింద ఏలుముద్రో సంతకమో నాదే పడతాది గదా. ఆ మాట కొట్టెయ్."

"అది కొట్టేస్తే ఇంకేముంది ఇందులో? అప్పీలే లేదు."

"అయితే లేదు."

సీనియరుకు కోపం వచ్చింది. ఇంట్లో మొగుడూ పెళ్లాల లెక్కలు జైల్లో తేల్చుకోకూడదన్నాడు. విత్తనాల కాలం ముంచుకొస్తోందన్నాడు. మామ కలం తిరిగి ఇచ్చేశాడు. ఆయన ముఖంలో గొప్ప పని చేస్తున్న పోకడ ఏమీ లేదు. అలిసిపోయాడు, అంతే. "నువ్వు పో అల్లుడా. ఆమె ఎండలో కూర్చోనుంటాది" అన్నాడు.

బయటికి వచ్చేసరికి అత్త మెట్ల మీదే ఉంది. నన్ను చూసి లేచింది.

"సంతకం పెట్టినాడా?"

"లేదు."

"యాల?"

చెప్పాను. ఆమె మళ్లీ కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. రోడ్డు వైపు చూస్తూ అడిగింది.

"దొర ఎన్ని నెలలని చెప్పినాడు? నాకు అప్పుడు సరిగ్గా ఇనపళ్లేదు. మళ్లా చెప్పు."

చెప్పాను.

"అంటే ఇత్తనానికి ఉండడు" అంది.